రాణీగారి పరికిణీ లోపల

ఇంకా ముగించలేదు. మేయరు గారి గొంతు ఊరి నడిమి ప్లాజాలో కట్టిన మైకుల్లోంచి బయల్దేరి, మందుల షాపు మూల తిరిగి, యూదుల వీధిలో వరసగా నిలబెట్టిన మా దగ్గరికి వచ్చేసరికి సగం మాటలు దారిలోనే రాలిపోతున్నాయి. ఒక్క మాట మాత్రం రాలడం లేదు. మహనీయులు. మన పెరాల్వియా మహనీయులు, మన స్పెయిన్ మహనీయులు, సముద్రాలు దాటిన మహనీయులు. మునిసిపాలిటీ గోడకి వాళ్ళ ముఖాలతో పింగాణీ పలకలు అతికించారు, ఇవాళ పండగ మొదటి రోజు కాబట్టి తెర తీస్తారు, తెర తీశాక మనిషి లోపల దూరి మోసే మా పెద్ద బొమ్మలు వెళ్ళి ప్లాజాలో ఆడాలి, ఇంతే కార్యక్రమం. ఇంత చిన్న పనికి ఇంత ఉపన్యాసం ఎందుకయ్యా. ఒక బిషప్పు, ఒక సేనాని, ఒక ఎద్దులపోరు వీరుడు, పెరూలో వెండి గనులు చూసుకున్న ఎవరో ఒకాయన, వాళ్ళ పుట్టుకలు, వాళ్ళ చావులు. ఆడవాళ్ళలో ఇసబెల్ రాణి ఒక్కతే, అదీ గుర్రం అలసిపోయి మా ఊళ్ళో ఒక రాత్రి పడుకుని వెళ్ళినందుకు. నేను ఆ రాణి పరికిణీ లోపల, ముక్కాలి పీట మీద కూర్చుని, చెమట కళ్ళలోకి దిగకుండా నుదుటికి గుడ్డ కట్టుకుని ఎదురుచూస్తున్నాను. ఇవాళ రాణిని ప్లాజాలో ఆడించేది నేను. అన్నయ్య మాట ఇచ్చాడు. రెండేళ్ళుగా అడిగితే, ఈ ఏడు ఇచ్చాడు. ఆ మూడు నిమిషాల ఆట కోసం నేను ఈ కొలిమిలో ఎంతసేపైనా కూర్చుంటాను, కానీ మేయరు గారూ, మీరు ఆ బిషప్పు గారి మేనత్త సంగతి కూడా ఎత్తుకోకుండా ఉంటే బాగుండును.

లోపల చీకటి. రాణి నడుము పట్టీకి కిందుగా వలగుడ్డ వేసి కుట్టిన చిన్న కిటికీ ఉంది, మోసేవాడికి లోకమంతా అందులోంచే. మోసేవాడు, చూశారా, నా నోట కూడా వాడే వస్తోంది. రాణి అంటే పైన రంగులేసిన అట్టముఖం, కిరీటం, దూది కూరిన చేతులు, లోపల నాలుగు కాళ్ళ కర్రచట్రం, భుజాలకి అందేలా ఒక అడ్డకర్ర, దానికి దిండు. అడ్డకర్ర కింద తలదూర్చి లేస్తే నాలుగు కాళ్ళూ నేల వదుల్తాయి, రాణి నడుస్తుంది. బళ్ళో సిస్టర్లు రాజూ రాణీ సమానమని చెప్పేవారు, పరిపాలనలో ఒకరు ఎక్కువా ఒకరు తక్కువా కాదని. మా ఊళ్ళో మాత్రం ఫెర్నాందో రాజుగారు బాగా తేలిక, ఆయనకి పైపంచె తప్ప ఏమీ లేదు, ఈవిడకి మఖమలు, జరీ, లోపలి పావడాలు, మెళ్ళో గాజుపూసల హారాలు. ఆ మఖమలు కుట్టింది నేనే, ఎవరి బరువు ఎందుకు పెరిగిందో నాకు తెలుసు. గ్రనడా నగరం గెలిచేదాకా చొక్కా మార్చనని ఈవిడ ఒట్టు పెట్టుకుందని చెప్పుకుంటారు. నిజమో అబద్ధమో గానీ లోపల కూర్చుంటే నమ్మాలనిపిస్తుంది, కలరా ఉండల వాసన, మా తాతల నాటి చెమట వాసన, బయట ఎవరింటి గుమ్మంలోనో కాలుస్తున్న ఎర్ర మిరపకాయల పొగ. నాకు ఈవిడ మీద భక్తేమీ లేదు. ఇది యూదుల వీధి, ఇక్కడ యూదులన్న మనిషి లేడు, ఉన్నవాళ్ళని మూటలు కట్టించి వెళ్ళగొట్టింది ఈవిడే, ఏటా ఈవిడని తెచ్చి నిలబెట్టేదీ ఈ వీధిలోనే, నీడ ఉంటుందని. ఎవరికీ ఏమీ అనిపించదు. కానీ కడుపుతో గుర్రమెక్కి ఊళ్ళు తిరిగిన మనిషి, మొగుడి చొక్కాలు తనే కుట్టిందని కూడా అంటారు, అలాంటి ఆడదాని లోపల మా ఊళ్ళో ఎప్పుడూ ఎవడో ఒక మగవాడే ఎందుకుండాలి. ఇది నేను చిన్నప్పుడే అడిగాను. పిల్లదానివి, నీకెందుకు అన్నారు. పెద్దదాన్నయ్యాక అడిగితే పెద్దదానివి, ఇంకా ఇవేం మాటలు అన్నారు.

రూలు లేదు. అదే నా ఏడుపు. ఆడవాళ్ళు మొయ్యకూడదని ఎక్కడా రాసి లేదు, రాసి ఉంటే పోట్లాడొచ్చు, సంతకాలు సేకరించొచ్చు, మునిసిపాలిటీ మెట్ల మీద కూర్చోవచ్చు. అడిగితే అందరూ నవ్వుతారు. ఎవరొద్దన్నారమ్మా, రా, ఎప్పుడైనా రా. ఎప్పుడైనా అనేది మాత్రం ఏ ఏడూ రాదు. నాన్న మోశాడు, నాన్న తర్వాత అన్నయ్య మోశాడు, ఎలాదియో అంటే రాణి, రాణి అంటే ఎలాదియో, బార్లో అతని పేరు చెబితే తాగినదానిలో సగానికి లెక్క రాయరు. ఆ ఎలాదియో రెండేళ్ళ కిందట స్నానాల గదిలో సబ్బు కోసం వంగి మళ్ళీ లేవలేకపోయాడు, వెన్నుపూస పక్కకి జరిగింది. వదిన ఫోను చేస్తే వెళ్ళాను, తువ్వాలు కప్పుకుని నేల మీద పడి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు, నొప్పికి కాదు, పండగ దగ్గరికొచ్చిందని. ఎవరికీ చెప్పకు కసీల్దా అన్నాడు.  మా అన్నయ్య అలా ఏడవడం నేను ఎన్నడూ చూడలేదు. నేను మోస్తాను అన్నాను. అప్పటి నుంచీ ఇదీ ఏర్పాటు. గోదాము నుంచి యూదుల వీధి దాకా, యూదుల వీధి నుంచి ఎత్తు మీదుగా మందుల షాపు మూల దాకా మోసేది నేను. ఆ మూల సందులో ఎవరూ ఉండరు, జనమంతా ప్లాజాలో ఉంటారు. అక్కడ బొమ్మని దింపి నేను వెనకనుంచి బయటికి వస్తాను, అన్నయ్య దూరతాడు, ప్లాజాలోకి వెళ్ళి మూడు నిమిషాలు తిప్పి, బయటికి వచ్చి, మేయరు చేతి ఎర్ర రుమాలు మెళ్ళో వేయించుకుని, తోలుతిత్తిలోంచి వైను తాగుతాడు. ఊరు చప్పట్లు కొడుతుంది. నేను మందుల షాపు గోడకి ఆనుకుని భుజాలు రుద్దుకుంటూ ఆ చప్పట్లు వింటాను. రాజుని మోసేవాడికి, కొలంబస్ బొమ్మని మోసేవాడికి, అందరికీ తెలుసు, ఒక్కడూ నోరు విప్పడు. నేను లోపలికి దూరడం ఎవరైనా చూసినా, అంచు ఊడింది కాబోలు, కుట్టు వెయ్యడానికి వెళ్ళింది అనుకుంటారు. దర్జీ పని నాదే కదా.

మా ఆయన అడుగుతాడు, నీకెందుకే ఈ గాడిద చాకిరీ అని. ఫ్యాక్టరీలో రోజంతా పీచ్ పళ్ళ డబ్బాల పెట్టెలు ఎత్తుతావు, చాలదా అని. అక్కడ ఎత్తితే పెట్టె పెట్టెగానే ఉంటుంది, అది ఆడదు. ఇది ఆయనకి తెలియజెప్పలేకపోయాను. ఆడించడం అంటే మోయడం కాదు. బరువంతా పైనెక్కడో ఉంటుంది, మన తలకి పైన ఇంకో మనిషి ఎత్తులో, తిరిగేటప్పుడు అది ఒక క్షణం ఆలస్యంగా తిరుగుతుంది, ఆ క్షణం కోసం ఆగాలి, ఆగితే పరికిణీ గాలిపోసుకుని విచ్చుకుంటుంది, ఆగకపోతే రాణి బోర్లాపడుతుంది. గోదాములో, ఎవరూ లేనప్పుడు, నేను ఆ క్షణాన్ని పట్టుకున్నాను. ఒంటరిగా, పాట లేకుండా, ఎలుకల ముందు. ఇవాళ సన్నాయి ఉంటుంది. పేరు వద్దు నాకు, రుమాలూ వద్దు. ఆ తిరుగుడు చాలు.

ఎవరో వచ్చి రాణికి ఆనుకున్నారు. చట్రం కిర్రుమంది. సిగరెట్టు వాసన. పరికిణీకి ఆనుకోకూడదని ఎన్నిసార్లు చెప్పినా ఈ మగాళ్ళకి ఎక్కదు, మఖమలుకి పొగ పడితే పోదు. దగ్గుబట్టి గుర్తుపట్టాను, అన్నయ్యే. రెండోది తెలెస్ఫోరో, సన్నాయి వాయించేవాడు, సన్నాయి పుల్లని నోట్లో నానబెట్టుకుంటూ ముక్కుతో మాట్లాడుతున్నాడు. బయట పెట్టిన బొమ్మ ఖాళీ అనే అనుకుంటారు ఎవరైనా, డోలు మోగేదాకా లోపలికి దూరే పిచ్చివాళ్ళు ఉండరు. నేను దూరాను, ఆత్రం కొద్దీ.

"టీవీ వాళ్ళొచ్చార్రా," అన్నాడు అన్నయ్య.

"వస్తే?"

"వస్తే ఏంటి. రాణిని ఎలాదియో ఆడించాడని చెప్పాలా, వాళ్ళ చెల్లెలు ఆడించిందని చెప్పాలా?"

"మాటిచ్చావుగా. మొన్న భోజనాల దగ్గర నా ముందే ఇచ్చావు."

"ఇచ్చాన్లే. వచ్చే ఏడు చూద్దాం. ఎప్పట్లాగే మూల దగ్గర దింపమంటా, నేను దూరతా. మూడు నిమిషాలకి నా నడుముకేం కాదు."

"అది ఊరుకుంటుందా?"

"లోపలికెళ్ళాక దాని నోరు లేవదు. నాన్న పెంపకం." నవ్వాడు. "ఇంతకీ ఏదిరా అది? పిన్నీసులు తెచ్చుకుంటానని పోయింది, ఇంతవరకూ జాడ లేదు."

పిన్నీసులు నా జేబులోనే ఉన్నాయి అన్నయ్యా. నేను నీ వీపు వెనకే ఉన్నాను, మఖమలుకి ఇవతల, నీ వీపు వేడి నాకు తగులుతోంది. చెయ్యి చాపితే ఆ జరిగిన వెన్నుపూస వేలికి తగులుతుంది. గట్టిగా ఒక్క పోటు పొడిస్తే. నోరు తెరిచాను కూడా. తెరిచి, మూశాను. రాణి మాట్లాడదు. పరికిణీ కింద ఉన్నంతసేపూ దగ్గు కూడా దగ్గకూడదు, కాలు తొక్కినా అబ్బా అనకూడదు, రాణి నడుములోంచి మనిషి గొంతు వినపడితే ఆట కాకముందే పిల్లల ముచ్చట పోతుందని నాన్న మాకు నేర్పిన మొదటి పాఠం. ఈ వీధిలో పిల్లలెవరూ లేరు, ఉన్నది ఒక అబద్ధాలకోరూ ఒక సన్నాయివాడూ, అయినా నా నోరు లేవలేదు. అన్నయ్య సరిగ్గానే చెప్పాడు. అదే నన్ను ఎక్కువ మండించింది, మాట తప్పినందుకు కాదు, నన్ను అంత బాగా తెలుసుకుని ఆ తెలుసుకున్నదాన్ని ఇందుకు వాడుకున్నందుకు. ఏడుపు వచ్చింది, ఏడవడానికి కూడా వీల్లేని చోటు, ముక్కు ఎగబీలిస్తే వినపడుతుంది. వాళ్ళు సిగరెట్టు ఆర్పేసి వెళ్ళేదాకా నోట్లో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

నాన్న పెరట్లో నిచ్చెనకి బార్లీ బస్తాలు కట్టి అన్నయ్యకి నేర్పేవాడు. భుజం కాదురా, మడమ, మడమ మీద తిరుగు. అన్నయ్యకి అది రావడానికి రెండు వేసవులు పట్టింది. నేను కోళ్ళకి మేత వేస్తూ చూసేదాన్ని. ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే నిచ్చెన కింద దూరాను, లేచాను, తిరిగాను. మొదటిసారే బస్తాలు విచ్చుకున్నట్టు లేచి నాతో పాటు తిరిగాయి. ఆగి చూస్తే నాన్న గుమ్మంలో ఉన్నాడు, చెప్పులు లేకుండా, నిద్రకళ్ళతో. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. దగ్గరికొచ్చి నా వీపు మీద అరచెయ్యి ఆనించి, కొలిచినట్టు కిందిదాకా తెచ్చి, మంచి నడుము అన్నాడు. కాసేపాగి, పాపం అన్నాడు. ఎవరి పాపం నాన్నా. నాదా, నడుముదా, నీదా. ఆ ఒక్క మాటని నేను ఇన్నేళ్ళూ నమిలాను. మంచి గుర్రం కుంటిదని తెలిసినప్పుడు సంతలో అలా అంటారు. నేను కుంటిదాన్ని కాదు. మళ్ళీ ఎప్పుడూ ఆ నిచ్చెన జోలికి పోవద్దని నాన్న చెప్పలేదు, చెప్పనక్కర్లేకపోయింది, మర్నాటి నుంచి నిచ్చెన తాళం వేసిన కొట్టంలో ఉంది.

మేయరు గారు కొలంబస్ దగ్గరికి వచ్చారు. ఇంకేం, తెల్లారినట్టే. మా కొలంబస్ నా ముందు నిలబడి ఉన్నాడు, అతన్ని మోసేవాడు పొద్దున్నుంచీ వైను పట్టిస్తున్నాడు, కాబట్టి ఏటా లాగే ఇవాళ కూడా ఎడమకి ఒరిగి వెళ్తాడు, ఇండియాకి బయల్దేరి ఇంకెక్కడో తేలినవాడికి అది పెద్ద తప్పేమీ కాదు. వలకిటికీ ముందుకి ఒక చెయ్యి వచ్చింది. ముసలావిడ, పక్కవీధి రొట్టెల కొట్టు వాళ్ళమ్మ, చంకలో మనవరాలు. పిల్ల నోట్లో పాలపీక. మా ఊళ్ళో పీక మాన్పించాలంటే రాణికి ఇప్పిస్తారు, రాణి వంగి తీసుకుంటే ఇక పిల్లలు అడగరు. "ఇచ్చెయ్యి తల్లీ, ఇచ్చెయ్యి. నువ్వు పెద్దదానివయ్యావుగా. రాణీగారు దాచిపెడతారు," అంటోంది ముసలావిడ. పిల్ల పీక తీసి రాణి చేతివేళ్ళకి తగిలించింది. నేను లేచి, దిండు భుజానికెత్తుకుని, మెల్లగా రాణిని వంచాను. వంచితే కిటికీ పిల్ల ముఖానికి ఎదురుగా వచ్చింది. చాలాసేపు చూసింది నన్ను, నా కళ్ళలోకి.

"అమ్మమ్మా, లోపల ఒక అమ్మ ఉంది."

"అమ్మ కాదే, ఎలాదియో మామయ్య."

"అమ్మే."

"మామయ్యేనే, నీకు కనపడక. పద, ఎండగా ఉంది."

పిల్ల తల తిప్పి తిప్పి చూస్తూ వెళ్ళిపోయింది. దానికీ ఇవాళ రెండు పోయాయి, పీకా, కళ్ళతో చూసినదాని మీద నమ్మకమూ. పిలిచి చెప్పాలనిపించింది, నువ్వన్నదే నిజం అని. రాణి మాట్లాడదు.

చప్పట్లు. తెర తీసినట్టున్నారు. ముందు డోలు, వెనకే సన్నాయి. అన్నయ్య పరికిణీ మీద చేత్తో తట్టి, "లోపలే ఉన్నావా? ఎప్పుడు దూరావే? సరే, లే," అన్నాడు, తేనె పూసిన గొంతుతో. లేచాను. నాలుగు కాళ్ళూ నేల వదిలాయి. మొదటి అడుగులో ఎప్పుడూ మెడ నరం ఒకటి పట్టేస్తుంది, రెండో అడుగుకి వదుల్తుంది. యూదుల వీధి దాటితే ఎత్తు. నున్నగా అరిగిన రాళ్ళు. అందరూ ఈ ఎత్తు మధ్యలో ఒకసారి దింపి ఊపిరి తీసుకుంటారు, రాజూ దింపాడు, కొలంబస్ ఒరిగి ఒరిగి గోడకి ఆనాడు, నేను దింపలేదు. ఎందుకు దింపలేదో ఆ క్షణంలో నాకు తెలియదు, ఒట్టు. కోపం కాళ్ళలోకి దిగింది, అంతే. అన్నయ్య పక్కన నడుస్తున్నాడు, తెల్లబట్టలు, నడుముకి ఎర్ర పట్టీ, కిటికీలోంచి అతని చెవీ సగం చెంపా కనపడుతున్నాయి, చెంప మీద చెమట. ఖాళీ చేతులతో ఎత్తెక్కడానికే ఆయాసపడుతున్నాడు. పాపం అనిపించింది. నాన్న అన్నట్టే అనిపించింది. ఆ పాపం అనిపించడం మీద కూడా కోపం వచ్చింది నాకు, ఈ ఇంట్లో జాలి ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆపడానికే పనికొచ్చింది, చాలా మటుకు నన్ను.

మందుల షాపు మూల. ఆకుపచ్చ శిలువ దీపం. చట్రం మీద అరచేత్తో రెండు దెబ్బలు, దింపమని. నేను దింపలేదు. బొమ్మని దింపకపోతే ఎవడూ మారలేడు, నడిచే రాణి కింద ఇంకొకరు దూరడానికి చోటు ఉండదు. ఇంత తేలిక విషయం రెండేళ్ళుగా నాకు తట్టలేదు.

"కసీల్దా, దించు. మూలొచ్చింది."

అడుగు.

"ఒసే, చెవుడా? దించమంటున్నా."

ఇంకో అడుగు. అతను ఎదురుగా వచ్చి నిలబడబోయాడు, రాణి అంచు మోకాళ్ళకి తగిలి పక్కకి జరిగాడు. వెనక్కి నడుస్తూ కిటికీలోకి ముఖం పెట్టాడు, నాకు జానెడు దూరంలో, నోట్లో పొగాకు వాసనతో.

"నా పరువు తీస్తావా? ఈ బట్టల్లో నన్ను బయట చూస్తే ఏమనుకుంటారే? సరే, మాటిచ్చాను, తప్పే. వచ్చే ఏడు నీదే. నాన్న మీద ఒట్టు. విను, బయటంతా టీవీ వాళ్ళు... ఏదో ఒకటి మాట్లాడవే."

మాట్లాడను. రాణి మాట్లాడదు కదా అన్నయ్యా, లోపలికెళ్ళాక నా నోరు లేవదని నువ్వే అన్నావు. బతుకులో మొదటిసారి ఆ నియమం నా పక్షాన నిలబడింది. సందు అయిపోతోంది, ముందు వెలుతురు, జనం రొద. ఇంకో పది అంగలేస్తే అతను ఊరందరికీ కనపడతాడు. చూశాడు అటు. నన్ను చూశాడు. పక్కకి తప్పుకుని మందుల షాపు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు, తలుపుకున్న గంట గణగణమంది.

ప్లాజా. వెలుతురు కిటికీలోంచి ముఖాన కొట్టింది. జనం తునకలు తునకలుగా కనపడుతున్నారు, ఒక టోపీ, ఒక ఐస్‌క్రీము, ఎవరి భుజాల మీదో పిల్లాడి చెప్పులు, గోడ మీద పింగాణీ బిషప్పు. సన్నాయి ఒక్క క్షణం తడబడింది. తెలెస్ఫోరోకి తెలుసు, అన్నయ్య మోస్తే రాణి కుడికాలు కాస్త ఈడుస్తుంది, ఈ రాణి ఈడవడం లేదు. తడబడి, మళ్ళీ ఎత్తుకున్నాడు, మామూలు కన్నా కొంచెం నిదానంగా. నాకోసమే నిదానించాడని ఇప్పుడు అనుకుంటున్నాను. మడమ. భుజం కాదు, మడమ. తిరిగాను, ఆగాను, పైన ఎక్కడో బరువు నిదానంగా తిరిగి వచ్చింది, పరికిణీ గాలిపోసుకుంది, దాని అంచు నేలకి జానెడు పైన ఎగురుతుంటే లోపలికి చల్లగాలి వచ్చి నా కాళ్ళకి తగిలింది. ఇంత చల్లదనం ఇన్నాళ్ళూ మగాళ్ళు దాచుకున్నారు. మళ్ళీ తిరిగాను. నవ్వుతున్నాను, ఎవరికీ కనపడకుండా, శబ్దం రాకుండా. రాజు పక్కన తిరుగుతున్నాడు, కొలంబస్ అందరికీ ఎడంగా తనలో తను తిరుగుతున్నాడు, నాకు వాళ్ళెవరూ పట్టలేదు. నాన్నా, చూడు. పాపం కాదు నాన్నా, చూడు. ఇంకోసారి, ఎదురు దిశలో, ఎవరూ చెయ్యనిది, గోదాములో ఎలుకల ముందు చేసింది. జనం ఒక్కసారిగా హో అన్నారు. ఆ హో అన్నది నా ఒంటి మీది రోమాలన్నిటికీ తెలిసింది.

వెంటనే ఎవడో గట్టిగా అరిచాడు, "ఎలాదియో! నీ నడుముకి వెయ్యేళ్ళురా." ఇంకెవరో అందుకున్నారు. చప్పట్లు కొడుతూ ప్లాజా అంతా అందుకుంది, ఎలాదియో, ఎలాదియో, తాళం వేసినట్టు. పేరు వద్దనుకున్న మనిషిని నేనే కదా. కాసేపటి క్రితం, చీకట్లో కూర్చుని. అప్పుడు నిజంగానే వద్దనుకున్నాను. ఇప్పుడు ఆ చప్పట్లలో ఒక్కొక్కటీ చెంప మీద పడుతోంది. ఆ నడుము నాది. ఆ మడమ నాది. మీరు ఇప్పుడు హో అన్నది నన్ను చూసి. సన్నాయి ఆగింది, నాలుగు కాళ్ళూ నేలకి ఆనాయి. నిమిషం సేపు అడ్డకర్రకి తల ఆనించి ఊపిరి తీసుకున్నాను. ఇక మోసినవాళ్ళు బయటికి రావాలి, రుమాళ్ళు వేస్తారు. అంచు ఎత్తుకుని, వంగి, చేతుల మీద పాకినట్టు బయటికి వచ్చి నిలబడ్డాను. జుట్టంతా ముఖానికి అతుక్కుని ఉంది.

చప్పట్లు ఆగలేదు, నేను బయటికి వచ్చినా ఆగలేదంటే నన్ను చూడనే లేదు. మేయరు గారు ఎర్ర రుమాలు పట్టుకుని వచ్చారు, మంచి మనిషే, ఎప్పుడూ పలకరిస్తాడు.

"ఏమ్మా కసీల్దా, ఏమన్నా చిరిగిందా?" అన్నాడు. నా వెనక్కి చూస్తున్నాడు. పరికిణీ అంచు వైపు.

"ఏమీ చిరగలేదండి. ఆడించింది నేను."

నవ్వాడు, పండగపూట ఎవరో సరదాగా అన్నమాటకి నవ్వినట్టు. నా భుజం తట్టి, మఖమలు వైపు వంగి, మైకు నోటి దగ్గరే ఉందని మర్చిపోయి పిలిచాడు. "ఎలాదియో, రావయ్యా. ఊరంతా చూస్తోంది. సిగ్గెందుకు, రా." జనం నవ్వారు. తర్వాత చప్పట్లు పలచబడ్డాయి, అందరూ మెడలు సాచి చూస్తున్నారు. రాజు కింది నుంచి వచ్చినవాడు తన కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. కొలంబస్‌వాడు తోలుతిత్తి నోటికెత్తి దించడం లేదు. తెలెస్ఫోరో సన్నాయిలోంచి ఉమ్ము దులుపుతున్నాడు, దులిపిందే దులుపుతున్నాడు. అందరికీ తెలుసు. ఒక్కడు చెబితే చాలు. ఊరు ఊరంతా నిశ్శబ్దంగా ఒక ఖాళీ పరికిణీలోంచి మగవాడు బయటికి వస్తాడని ఎదురుచూస్తోంది, దాని పక్కనే నేను చెమట కారుతూ నిలబడి ఉన్నాను. టీవీ అమ్మాయి నన్ను మర్యాదగా, కాస్త పక్కకి జరగండి మేడమ్, ఫ్రేములోకి వస్తున్నారు అంది.

జరిగాను. జరిగి, రాణి ముందుకి వెళ్ళి, ఆ మఖమలు ముందుభాగాన్ని రెండు చేతులా ఎత్తాను. పొలంలో దిగేముందు మా అమ్మ పరికిణీ ఎగదోపుకున్నట్టు, కుచ్చులు కుచ్చులుగా పోగుచేసి రాణి నడుము పట్టీలోకి బిగించి దోపాను. పిల్లల ముందు ఎవరూ ఏనాడూ చెయ్యని పని. ముందు వరసలో ఎవరో అయ్యో అన్నారు. నాలుగు కర్రకాళ్ళు, మధ్యలో చీకటి, చట్రానికి తగిలించుకున్న ముక్కాలి పీట, నా నీళ్ళసీసా. మగవాడు లేడు. మేయరు గారు వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. నేను ఆయన పక్కనుంచి దూరి, వెనక్కి తిరిగి, అడ్డకర్ర కింద భుజాలు పెట్టాను. నా ఫ్యాక్టరీ చెప్పులు, నా పిక్కలు, చెమటకి తడిసిన చొక్కా, నా ముఖం, అన్నీ వాళ్ళకి కనపడుతున్నాయి. అందరి కళ్ళలోకి చూస్తూ లేచాను. పాట ఇంకా మొదలవలేదు, అయినా తిరగడం మొదలుపెట్టాను.